తానే చదువుకునే పిల్లల కోసం బొమ్మల డిజిటల్ కథ తయారుచేయడం ఎలా: అక్షరాల లెక్క నుంచి ఫోన్ దాకా

పిల్లలకు బొమ్మల కథ తయారుచేద్దామని కూర్చున్న టీచర్లు, తల్లిదండ్రులు నన్ను మొదట అడిగేది "ఏ యాప్ వాడాలి?" అని. దానికి జవాబు 6వ మెట్టులో ఉంది. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది: ఈ కథ మీరు చదివి వినిపించడానికా, పిల్లలు తామే చదువుకోవడానికా?

వినిపించే కథలో ఎంత పెద్ద మాటైనా పెట్టొచ్చు, మీ గొంతు దాన్ని మోస్తుంది. తానే చదివే కథలో రాని అక్షరం ఒక్కటి తగిలినా పాప ఆగుతుంది, ఆగి మీ ముఖం వైపు చూస్తుంది, అలా రెండు మూడుసార్లు అయ్యేసరికి ఫోన్ పక్కన పెట్టేస్తుంది. ఇక్కడ చెప్పేదంతా ఆ రెండో రకం కథ గురించే. ఉదాహరణకి "మేక ఏది?" అని 8 పేజీల కథ ఒకటి మొదటి నుంచి చివరిదాకా చేసుకుంటూ వెళ్దాం.

1. ముందు పిల్లలకు వచ్చిన అక్షరాల లెక్క రాసుకోండి

కథ ఆలోచించకముందే ఒక కాగితం తీసుకుని, మీ పాపకి లేదా మీ తరగతికి ఇప్పుడు ఏ అక్షరాలు తడుముకోకుండా వస్తాయో రాయండి. ఈ మెట్లలో ఎక్కడున్నారో చూడండి:

- గుణింతం లేని మాటలు: తల, వల, పలక, పడవ, ఉడత, ఊయల
- గుణింతాలున్న మాటలు: కాకి, మేక, కోడి, తాత, చీర
- సున్నా ఉన్న మాటలు: మంచం, బండి, పంచె
- ద్విత్వాలు: అక్క, చెట్టు, పిల్లి
- సంయుక్తాక్షరాలు: పుస్తకం, చంద్రుడు, సూర్యుడు

ఒక్కో మెట్టు నుంచి నాలుగు మాటలు చీటీల మీద రాసి, బొమ్మ లేకుండా చూపించండి. నాలుగింట్లో మూడు చదివితే ఆ మెట్టు వచ్చినట్టే లెక్క. కథ ఆ మెట్టులోనే ఉండాలి, పైమెట్టు నుంచి ఒకటో రెండో మాటలు మాత్రమే రావాలి.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఒత్తులు రాని పిల్లలకు కథ రాద్దామని కూర్చుంటే అమ్మ లేదు, నాన్న లేదు, అన్న లేడు, అక్క లేదు. కుక్క, పిల్లి, చెట్టు, పువ్వు, అన్నం, నీళ్ళు అన్నింటికీ ఒత్తులే. క్రియలైతే మరీ: వచ్చాడు, వెళ్ళాడు, చెప్పాడు, తిన్నాడు, ఉన్నాడు. ఇంగ్లీషులో చిన్నపిల్లల పుస్తకాలు చూసి "పిల్లి చాప మీద కూర్చుంది" అని మొదలుపెట్టేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. ఆ చిన్న వాక్యంలో రెండు మాటలకు ఒత్తులున్నాయి, అందులో "కూర్చుంది" సంయుక్తాక్షరం.

దీనికి నేను చేసే పనులు మూడు.

మొదటిది, పాత్రల్ని ఒత్తు లేని మాటల్లోంచి ఏరుకోవడం. తాత, మామ, మేక, కోడి, కాకి, ఉడత, చిలుక, ఆవు, గాడిద, పాప. కథ నడపడానికి ఇంతమంది చాలు.

రెండోది, జరిగిపోయిన సంగతిగా చెప్పకుండా కళ్ళముందు జరుగుతున్నట్టు రాయడం. ఏది? ఇదిగో. ఉందా? లేదు. రా, పద, ఆగు, చూడు, దూకు. వీటిలో ఒక్క ఒత్తూ లేదు. "అన్నాడు", "చెప్పింది" అవసరం రాకుండా మాటని బొమ్మలోనే, నోటి పక్కన బుడగలో పెట్టేయొచ్చు. భూతకాలం తప్పదనుకుంటే ఆడాడు, పాడాడు, దూకాడు, అడిగాడు ఉన్నాయి.

మూడోది, అమ్మ, నాన్న లాంటి మాట ఒకటి కావాలనే ఇష్టపడి తెచ్చుకోవడం. బడిలో చేరిన పిల్లలు ఈ మాటల్ని విడదీసి చదవలేకపోయినా ఆకారం చూసి గుర్తుపడతారు. కథకి అలాంటిది ఒకటి చాలు, రెండు దాటొద్దు.

అమెరికాలోనో ఇంకెక్కడో ఆదివారం పూట తెలుగు నేర్చుకునే పిల్లల కోసం చేస్తుంటే ఒక తేడా ఉంది. వాళ్ళు ఎనిమిది తొమ్మిదేళ్ళ వాళ్ళై ఉంటారు, అక్షరాలు మాత్రం ఒకటో తరగతి స్థాయి. మాటలు తేలికగా ఉంచండి, కథ మాత్రం వాళ్ళ వయసుకి తగ్గట్టు కాస్త మలుపుతో ఉండాలి. అటక, గాదె లాంటి మాటలు వాళ్ళు ఇంట్లో విని ఉండరు కాబట్టి బొమ్మ అక్కడ ఇంకా స్పష్టంగా ఉండాలి.

2. కథ రాయండి: ఒకే వాక్యం, ఒకే ఖాళీ, చివర ఒక మలుపు

మొదటి కథకి ఇంతకంటే మంచి కట్టడి నాకు దొరకలేదు. ఒక వాక్యం పేజీ పేజీకీ తిరిగి వస్తుంది, అందులో ఒక్క చోటు మాత్రమే మారుతుంది. మూడో పేజీకి పాపకి సగం వాక్యం వచ్చేసి ఉంటుంది, శక్తంతా కొత్త మాట మీదే పెడుతుంది.

మన కథ (బొమ్మల్లో మేకని వెతికేది ఒక పాప, చివరి మాట తాతది):

1. మేక ఏది?
2. మంచం కింద ఉందా? లేదు.
3. తలుపు వెనక ఉందా? లేదు.
4. అటక మీద ఉందా? లేదు.
5. బండి కింద ఉందా? లేదు.
6. మే... మే...
7. అదిగో మేక!
8. "నా పంచె ఏది?"

మొత్తం 25 మాటలు. మళ్ళీ మళ్ళీ వచ్చేవి తీసేస్తే 15 మాటలే. ఒక్క ఒత్తు లేదు. ఐత్వం, ఔత్వం, ఋత్వం లేవు. ఇలా లెక్కపెట్టడం విసుగ్గా అనిపించినా తప్పకుండా పెట్టండి, రాసేటప్పుడు మన కంటికి ఒత్తు అసలు ఆనదు. నేను ఒక కథ పూర్తిగా బొమ్మలు వేశాక "పక్కన" అనే మాట కనిపించి మూడు పేజీలు తిరిగి చేశాను.

రాసేటప్పుడు ఎక్కువగా జరిగే పొరపాట్లు:

- సంధి కలిపేయడం. "ఏమిటది", "తాతకిష్టం" అని రాస్తే పాప వెతికే మాట మాయమవుతుంది. "ఏమిటి అది", "తాతకి ఇష్టం" అని విడిగా రాయండి.
- మాటకి మాట అతికించడం. "మంచంకిందనుంచి" మనకి ఒక్క గుక్క, మొదటిసారి చదివేవాళ్ళకి అదొక కొండ. "మంచం కింద నుంచి" అని ఖాళీలు వదలండి. ఒక మాటలో నాలుగు అక్షరాలు దాటితే ఇంకో మాట ఉందేమో చూడండి.
- ఒక్క ఊరి మాట. ఒకచోట పీత, ఇంకోచోట ఎండ్రకాయ. ఒకచోట సొరకాయ, ఇంకోచోట ఆనపకాయ. మీ పిల్లలు ఇంట్లో అనేదే రాయండి. పాఠ్యపుస్తకంలో వేరే మాట ఉన్నా సరే, చదివిన మాట చెవికి తెలిసినదై ఉంటేనే "ఓ, ఇదా!" అని వెలుగుతుంది.
- చివర నీతి. 25 మాటల కథలో నీతికి చోటు లేదు. మలుపు ఉంటే చాలు, దానికోసమే రెండోసారి చదువుతారు.

3. కాగితాన్ని మూడుసార్లు మడవండి

ఒక ఏ4 కాగితాన్ని సగానికి, మళ్ళీ సగానికి, మళ్ళీ సగానికి మడిచి విప్పితే 8 గళ్ళు వస్తాయి. ఒక్కో గడి ఒక్కో పేజీ. పెన్సిల్‌తో పుల్లల మనుషుల్ని గీయండి, అక్షరాలు ఎక్కడ వస్తాయో అక్కడ ఒక గీత పెట్టండి. పది నిమిషాల పని.

ఇక్కడ ఒక్కో గడి దగ్గర ఆగి ఒక ప్రశ్న వేసుకోండి: ఈ బొమ్మలో, మాటలు చెప్పనిది ఏముంది? మన కథలో మాటలన్నీ "లేదు, లేదు" అంటుంటాయి, బొమ్మలో మాత్రం ప్రతి పేజీలోనూ మేక ఎక్కడో ఒక మూల ఉంటుంది. మంచం కింద వెతుకుతుంటే కిటికీలోంచి కొమ్ములు కనిపిస్తాయి. తలుపు వెనక చూస్తుంటే గడప దాటుతున్న తోక. బండి కింద పేజీలో మేక నోట్లో తెల్లగా ఏదో వేలాడుతుంటుంది. చివరికి తాత పంచె అడిగేసరికి చదివే పాపకి ముందే తెలుసు. కథలో ఉన్నవాళ్ళకి తెలియనిది తనకి తెలిసిందన్న సంబరంలో మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళి మేకని వెతుకుతూ చదువుతుంది, అలా చదివినదే అసలైన సాధన.

4. రంగులు వేయకముందే ఒకసారి పరీక్షించండి

చాలామంది ఈ మెట్టు దాటేసి, అంతా అయ్యాక పిల్లల ముందు పెడతారు. అప్పటికి మార్చే ఓపిక ఎవరికీ ఉండదు.

ఆ పెన్సిల్ గళ్ళని ఫోన్‌తో ఫోటో తీసి, కింద పెద్ద అక్షరాలతో మాటలు రాసి, ముగ్గురు పిల్లలకి ఒక్కొక్కరికి విడివిడిగా ఇవ్వండి. పక్కన కూర్చోండి, నోరు మెదపకండి. వేలు ఎక్కడ ఆగిందో రాసుకోండి.

- వేలు ఆగి, కాసేపటికి ముందుకి కదిలితే: పర్వాలేదు.
- ఇద్దరు ఒకే చోట ఆగి వదిలేస్తే: ఆ మాట మార్చండి.
- అక్షరాలు చూడకుండా బొమ్మ చూసి వేరే మాట చెప్పేస్తే ("పంచె" ఉన్నచోట "తువాలు"): బొమ్మ తప్పు. అంచు గీసిన పొడుగాటి పంచెగా కనిపించేలా గీయండి, లేదా మాటే మార్చండి.

ఈ కథలో "బండి" మాట ఇలాంటిదే. పల్లెలో ఎడ్లబండి అనుకునేవాళ్ళు ఉంటారు, హైదరాబాదు పిల్లలకి బండి అంటే నాన్న నడిపే బైకు. బైకు కింద మేక పట్టదు కదా అని ఆలోచిస్తూ చదవడం మానేస్తారు. తోపుడు బండి గీస్తే రెండుచోట్లా సరిపోతుంది.

ఆఖరున బొమ్మని చేత్తో మూసి రెండు పేజీలు చదివించండి. బొమ్మ లేకుండా కూడా వచ్చిందంటే నిజంగా చదువుతున్నట్టు.

5. బొమ్మలు వేయడం

మీకు బొమ్మలు బాగా రావాల్సిన పనిలేదు, ఒకేలా రావాలి. 1వ పేజీలో నల్లమేకకి 5వ పేజీలో తెల్లమచ్చ వస్తే పిల్లలు దాన్ని రెండో మేక అనుకుంటారు. అందుకే ముందు ఒక కాగితం మీద మేకని, తాతని, పాపని ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి గీసి రంగులు రాసి పెట్టుకోండి. ప్రతి పేజీకీ అదే చూసుకోవాలి.

దారులు మూడు ఉన్నాయి:

- కాగితం, క్రేయాన్లు. తెల్ల కాగితం మీద వేసి, పగటి వెలుగులో, కిటికీ దగ్గర, నీడ పడకుండా నిలువుగా పైనుంచి ఫోటో తీయండి. ఫ్లాష్ వద్దు. డాక్యుమెంట్ స్కాన్ చేసే యాప్‌తో తీస్తే అంచులు సరిచేస్తుంది.
- ఫోన్ లేదా కంప్యూటర్ మీద. క్రిటా ఉచితం, కంప్యూటర్‌లో బాగుంటుంది. ఫోన్‌లో ఐబిస్ పెయింట్ చాలు. కాన్వాస్ 1920 × 1080 పిక్సెళ్ళు పెట్టుకోండి. ముందు ముందు అచ్చు వేయించే ఆలోచన ఉంటే రెట్టింపు పెట్టుకోండి, తర్వాత పెంచితే మసకబారుతుంది.
- ఉన్న బొమ్మలు వాడుకోవడం. ప్రథమ్ బుక్స్ వాళ్ళ పిల్లల కథల వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో బొమ్మల నిల్వ ఉంది, సి.సి. బై 4.0 లైసెన్సుతో (వేసినవాళ్ళ పేరు చెప్పి ఎవరైనా వాడుకోనిచ్చే అనుమతి) వాడుకోవచ్చు. చిత్రకారుల పేరు, లైసెన్సు పేరు, మీరు ఏదైనా మార్చి ఉంటే ఆ సంగతి తప్పకుండా రాయాలి.

గూగుల్‌లో వెతికి దొరికిన బొమ్మ కోసి అతికించొద్దు, అది ఎవరో వేసినది. ఏఐతో బొమ్మలు చేయించేవాళ్ళు ప్రతి పేజీనీ నిదానంగా చూడండి: వేళ్ళ లెక్క, మేక కాళ్ళ లెక్క, పంచె కట్టు, పేజీ మారినా అదే మేకేనా అన్నది. దానితో తెలుగు అక్షరాలు మాత్రం రాయించకండి, ఒత్తులు గుణింతాలు కలగాపులగమయ్యే ప్రమాదం ఉంది, నేర్చుకునే పిల్లల ముందు తప్పు అక్షరం పెట్టడం కంటే పాడు పని లేదు.

గీసేటప్పుడు గుర్తుంచుకోవాల్సినవి:

- మనం ఎడమ నుంచి కుడికి చదువుతాం, కాబట్టి కథ ముందుకి సాగేటప్పుడు మనుషులు కూడా కుడివైపుకే నడవాలి. తిరిగొచ్చేటప్పుడు ఎడమవైపు.
- "కింద", "వెనక", "మీద" అనే మాటలు బొమ్మలో తప్పు పట్టలేనంత స్పష్టంగా ఉండాలి.
- అక్షరాల కోసం ప్రతి పేజీలో ఒకే చోట ఖాళీ వదలండి. నేను కింది నాలుగో వంతు వదులుతాను.

6. పేజీలు పేర్చడం, అక్షరాలు పెట్టడం

యాప్ ప్రశ్నకి ఇదిగో జవాబు: గూగుల్ స్లైడ్స్, పవర్‌పాయింట్, లిబ్రాఫీస్ ఇంప్రెస్, ఏది వచ్చినా చాలు. స్టోరీవీవర్‌లోనే చేస్తే పేజీ అమరికలు సిద్ధంగా ఉంటాయి, బొమ్మ ఎంచుకుని మాటలు టైప్ చేయడమే. అక్కడ మీ కథకి చదివే స్థాయి కూడా ఎంచుకోవాలి. మన మేక కథ 1వ స్థాయి.

ఫాంటు విషయంలో తొందరపడొద్దు. పెళ్ళిపత్రికకి అందంగా ఉండే మెలికల ఫాంటులో పిల్లలకి న, స తేడా తెలియదు. మ, య కలిసిపోతాయి, "వు" చూసి "మ" అంటారు. మండలి, నోటో సాన్స్ తెలుగు రెండూ శుభ్రంగా ఉంటాయి. పేరు పేజీ మీద కాస్త లావుగా కావాలంటే బాలూ తమ్ముడు వాడండి. మీరు ఎంచుకున్న ఫాంటులో "న స మ య వు బ భ ద ధ" అని ఒక వరుస టైప్ చేసి ఫోన్‌లో చూడండి, మీ కన్నే ఒక క్షణం తడబడితే ఆ ఫాంటు పక్కన పెట్టేయండి.

డీటీపీ సెంటర్లో అనూ ఫాంట్లతో కొట్టించకండి. అది యూనికోడ్ (అన్ని ఫోన్లూ, కంప్యూటర్లూ ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి) కాదు, ఆ ఫాంటు లేని ఫోన్‌లో మాటలు పిచ్చి గుర్తులుగా మారతాయి, వెతికితే దొరకవు, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ కూడా చదవలేదు.

కొలతలు:

- 16:9 స్లైడు మీద అక్షరాలు 48 పాయింట్లకి తగ్గొద్దు, నేను 60 పెడతాను. మామూలు ఫోన్ అడ్డంగా పట్టుకుంటే స్లైడు సగానికంటే చిన్నగా కుంచించుకుపోతుంది, కంప్యూటర్‌లో పెద్దగా కనబడిందని మోసపోవద్దు.
- వరుసకీ వరుసకీ మధ్య ఎడం 1.5. తెలుగులో పైన గుడి, కింద ఒత్తులు ఉంటాయి, ఎడం తక్కువైతే పై వరుస ఒత్తు కింది వరుస తలకట్టుకి తగులుతుంది.
- మాటల మధ్య రెండు ఖాళీలు.
- ఎడమవైపుకి సర్దండి. రెండు అంచులూ సమంగా లాగితే మాటల మధ్య ఎడం ఒక్కో వరుసలో ఒక్కోలా అవుతుంది.
- వరుసని అర్థం దగ్గర విరగ్గొట్టండి: "మంచం కింద ఉందా?" ఒక వరుస, "లేదు." ఇంకో వరుస. "మంచం" ఒకటే పైన మిగలొద్దు.
- తెల్ల లేదా లేతరంగు మీద నల్ల అక్షరాలు. గడ్డి, ఆకులు, ఇటుకల మీద అక్షరాలు పెట్టొద్దు.

ఇన్‌డిజైన్‌లో చేసేవాళ్ళకి ఒత్తులు పక్కకి ఊడి పడుతుంటే పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోండి, సర్దుకుంటుంది.

7. గొంతు జతచేయాలా?

చేస్తే మంచిదే, కానీ దానంతటదే మొదలవకూడదు. ముందు పాప తన కళ్ళతో ప్రయత్నించాలి, ఆగితే నొక్కి వినాలి. స్లైడుకో చిన్న స్పీకర్ బొమ్మ పెట్టి, ఆ పేజీ మాటలు మాత్రమే దానికి తగిలించండి.

ఫ్యాన్ ఆపి, తలుపు మూసి, ఫోన్‌ని జానెడు దూరంలో పెట్టుకుని రికార్డు చేయండి. నిదానంగా చదవండి కానీ "మం-చం-కిం-ద" అని ముక్కలు చేయొద్దు, మనిషి మాట్లాడినట్టే ఉండాలి. వీడియోగా చేస్తుంటే పేజీ వచ్చాక ఐదారు క్షణాలు మౌనంగా వదిలి, ఆ తర్వాతే గొంతు రావాలి.

8. ఫైలు తీయడం, పంపడం

పీడీఎఫ్ తీయండి. తీశాక మీ కంప్యూటర్‌లో కాదు, ఇంకొకరి మామూలు ఫోన్‌లో తెరిచి ప్రతి పేజీ చూడండి. వాట్సాప్‌లో ఫోటోలుగా పంపితే కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపండి. 8 పేజీల కథ 5 ఎంబీ లోపు ఉంటే పాత ఫోన్లలో కూడా ఇబ్బంది లేకుండా తెరుచుకుంటుంది. దాటితే స్లైడులో పెట్టేముందే బొమ్మల్ని జేపెగ్‌గా మార్చండి.

మాటల్ని బొమ్మలో కలిపేయకుండా మాటలుగానే ఉంచండి. చూపు సరిగా లేని పిల్లల ఫోన్ వాటిని చదివి వినిపించగలుగుతుంది. ప్రతి బొమ్మకీ ఒక వాక్యం వర్ణన కూడా రాయండి: "పాప మంచం కిందికి వంగి చూస్తోంది, కిటికీలో మేక కొమ్ములు కనిపిస్తున్నాయి."

పంపేముందు:

- ఒత్తులు, సంధులు ఇంకోసారి వెతికారా?
- ఒకే మాట అన్ని పేజీల్లో ఒకేలా రాశారా? "వెళ్ళు", "వెళ్లు" రెండూ కలవొద్దు.
- మేక అన్ని పేజీల్లో ఒకే మేకా?
- అక్షరాలు అన్ని పేజీల్లో ఒకే చోట ఉన్నాయా?
- పూర్తయిన కథని కొత్తగా ఇద్దరు పిల్లలు చదివారా? మొదట చదివినవాళ్ళకి ఈసరికి కంఠతా వచ్చేసి ఉంటుంది, వాళ్ళు పనికిరారు.
- చివరి పేజీలో రాసినవాళ్ళ పేరు, బొమ్మలవాళ్ళ పేరు, లైసెన్సు ఉన్నాయా?
- పిల్లల ఫోటోలు, పేర్లు ఎక్కడా లేవు కదా?

పీడీఎఫ్‌తోపాటు మార్చుకోగలిగే అసలు స్లైడు ఫైలు కూడా పెట్టండి, పేరు "మేక-ఏది-ఒత్తులు-లేవు-8పేజీలు" లాగా చూడగానే తెలిసేలా ఉండాలి. అప్పుడు పక్క ఊరి టీచర్ ఒకరు మేక తీసి కోడిని పెట్టుకుంటారు, అటక లేని ఇళ్ళ పిల్లలకి ఇంకొకరు "మేడ మీద ఉందా?" అని మార్చుకుంటారు, రెండు నెలల తర్వాత ద్విత్వాలు వచ్చిన అదే పిల్లలకి మీరే "మేక" ఉన్నచోట "పిల్లి" పెట్టి 6వ పేజీలో "మే... మే..." తీసేసి, "మ్యావ్" సంయుక్తాక్షరం కాబట్టి దాని బదులు పాలగిన్నె దొర్లిన బొమ్మ గీసి ఇవ్వొచ్చు.